టెలివిజను విలేకరి - సీమ పలుకు : ఒక పాఠవిమర్శ

1. విషయ నిర్దేశము

కర్నూలు జిల్లా పడమటి అంచున, ఎమ్మిగనూరు నుండి రాయచూరునకు పోవు మార్గమున, మంత్రాలయ మండలములో మాధవరమను గ్రామము కలదు. తుంగభద్ర దాటినచో కర్ణాటకము. ఈ ప్రాంతమునకు వర్తక కేంద్రములైన పట్టణములు రెండు: పత్తి విపణికి ప్రసిద్ధమైన ఆదోని, చేనేతకు ప్రసిద్ధమైన ఎమ్మిగనూరు. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు 1వ తేదీ వఱకు బళ్లారి జిల్లాలో భాగములుగ నుండి, ఆంధ్రరాష్ట్రావతరణముతో కర్నూలు జిల్లాలో చేరినవి. 2022లో నంద్యాల వేఱు జిల్లా యైన పిదప కూడ ఈ పడమటి భాగము కర్నూలు జిల్లాలోనే నిలిచినది. కావున ఇచ్చటి తెలుగు తరతరములుగా కన్నడముతో ఇరుగుపొరుగు చేసిన తెలుగు.

ఈ సీమనుండి టెలివిజను వార్తలు అనుదినమును వెలువడుచున్నవి. వానిని సేకరించి పంపువాడు స్థానిక విలేకరి. ఆతని వృత్తిజీవితమును, ఆ జీవితమునుండి పుట్టు వార్తాపాఠమును సాహిత్యవిమర్శదృష్టితో పరిశీలించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. ఇందు వర్ణింపబడిన విలేకరి ఏ యొక్క వ్యక్తియు కాడు. ఆ వృత్తిలో సామాన్యముగా కానవచ్చు లక్షణములను ఒకచోట చేర్చి మేము గ్రహించిన ప్రతినిధి మాత్రమే.

టెలివిజను వార్త తెలుగుశాఖకు పరిశోధనావిషయ మెట్లగునని కొందఱు శంకింపవచ్చును. వక్త, శ్రోత, వస్తువు, నిర్మితి - ఈ నాలుగును ఉన్న యే వచనమైనను విమర్శకు లోబడినదే. శాసనమును, కైఫీయతును, దండకవిలెను పఠించి భాషాచరిత్రను కూర్చుకొన్న మనము, పల్లెలలో నేడు ఎక్కువమంది ప్రతిదినము వినుచున్న తెలుగు వచనమును మాత్రము విడిచిపెట్టుట న్యాయము కాదు.

మా సిద్ధాంతమును ముందుగనే నివేదింతుము. స్థానిక విలేకరి వలన సీమలోని సంఘటన రాష్ట్రమంతటికిని చేరుచున్నది. సీమ పలుకు మాత్రము చేరుటలేదు. విలేకరి తన వృత్తిలో పైమెట్టు నెక్కుకొలది ఆ పలుకునకు దూరమగుచున్నాడు. ఇది వ్యక్తిదోషము కాదు. ఆ వృత్తి యొక్క కూర్పులోనే యున్న దోషము.

2. పూర్వరంగము

వార్తకును, వార్త చెప్పువాని భాషకును గల సంబంధము తెలుగునాట క్రొత్త సమస్య కాదు. కర్నూలున జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు బెజవాడ 'స్వరాజ్య' పత్రికలోని రచనకు 1908లో కారాగారశిక్ష ననుభవించిరి. ఈ జిల్లావాడు పత్రికారచయిత కావలెనన్న కృష్ణాతీరమునకో చెన్నపట్టణమునకో పోవలసిన కాలమది. గిడుగువారి వ్యావహారికోద్యమము పత్రికలను చేరుటకు కొంతకాలము పట్టినది. తాపీ ధర్మారావుగారు, నార్ల వేంకటేశ్వరరావుగారు మున్నగు సంపాదకుల కృషిచే వాడుకభాష వార్తలకు తగునని స్థిరపడెను. అయితే ఆ వాడుకభాష ఎవరి వాడుక? మధ్యాంధ్రపు విద్యావంతుల వాడుక. పత్రికలు పుట్టినది ఆ జిల్లాలలో. ప్రమాణము కూడ అచ్చటనే పుట్టినది.

1974 ఆగస్టు 10న విశాఖపట్టణమున 'ఈనాడు' వెలసెను. 1989లో ఆ పత్రిక జిల్లా అనుబంధములను ప్రారంభించుటతో మండలమునకొక విలేకరి యను పద్ధతి వేళ్లూనెను. మండలకేంద్రములోని నీటికొళాయి తగవుకూడ అచ్చుకెక్కెను. నేటి టెలివిజను విలేకరికి నిజమైన పూర్వుడు ఈ మండల విలేకరియే.

తెఱమీది వార్తకు చరిత్ర వేఱు. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము 1977 అక్టోబరు 23న ప్రారంభమైనను, అచ్చటినుండి తెలుగు వార్తలు 1983 నవంబరు 14న మొదలైనవి. తొలి వార్తాపఠిత శాంతిస్వరూప్‌గారు. అక్షరములను ఎదుట చూపు యంత్రసహాయము లేని ఆ దినములలో కాగితముమీది వార్తను ధారణలో నిలుపుకొని ఆయన చదివెడివారు. నవలలను గూడ రచించిన ఆయన 2024 ఏప్రిల్ 5న దివంగతులైరి. ఆయన కంఠముచే తెలుగు ఇంటింట వార్తాభాషకు ఒక ఉచ్చారణాప్రమాణ మేర్పడెను. ఇది గొప్ప సేవ. కాని ఈ యుగమున వార్త యనగా పఠితయే. సంఘటనాస్థలమున నిలిచినవాడు తెఱమీద అరుదుగ కనబడెడివాడు.

1995 ఆగస్టు 27న ఈటీవీ, 2004లో టీవీ9, తరువాతి సంవత్సరములలో మఱి పెక్కు వార్తావాహినులు ప్రారంభమయ్యెను. ఇరువదినాలుగు గంటలును నింపవలసివచ్చుటతో పఠిత యొక్కడు చాలకపోయెను. పల్లెలనుండి దృశ్యము కావలసివచ్చెను. అట్లు మాధవరమువంటి గ్రామమునకును తెఱమీద చోటు దొరకెను. ఆ చోటు ఎట్టిదన్నదియే ప్రస్తుత విచారణ.

3. వృత్తిసోపానము

స్థానిక విలేకరి జీవితమున స్థూలముగా నాలుగు మెట్లు కానవచ్చును. మొదటిది పట్టణపు కేబుల్ వార్త. పట్టణములలోని కేబుల్ నిర్వాహకులు సాయంకాలము ప్రసారము చేయు స్థానికవార్తలకు కెమెరా మోయుటతో, వివాహములకు వీడియో తీయుటతో కొందఱి వృత్తి మొదలగుచున్నది. రెండవది రాష్ట్రస్థాయి వాహినికి మండల 'కంట్రిబ్యూటర్' లేక 'స్ట్రింగర్' అగుట. మూడవది జిల్లాకేంద్రమున 'స్టాఫ్ రిపోర్టర్' పదవి. నాలుగవది రాజధానిలోని 'డెస్క్'. మొదటి రెండు మెట్లమీద నిలిచిపోవువారే పెక్కండ్రు.

రెండవ మెట్టుమీది వానికి స్థిరమైన వేతనము సామాన్యముగా ఉండదు. పంపిన వార్తకింతయని కొన్నిచోట్ల, అదియును లేక కొన్నిచోట్ల, పని నడచుచున్నది. పండుగలకు, నాయకుల జన్మదినములకు ప్రకటనలు తెచ్చి సంస్థకు చేర్చు భారము కూడ ఆతనిదే. ఏ నాయకునిగూర్చి వార్త వ్రాయవలెనో ఆ నాయకునియొద్దనే ప్రకటన యాచింపవలయును. ఇతనికి పొలమో అంగడియో మఱియొక ఆధారముండవలెను. లేనిచో చేతిలోని 'లోగో'యే ఆధారమగును. జనులు దానిని 'గొట్టము' అని వ్యవహరించుటలో భయమును, పరిహాసమును రెండును కలవు.

2009 ఎన్నికల పిదప సొమ్మునకు అమ్ముడుపోయిన వార్తలను గూర్చి దేశమంతట చర్చ లేచెను. భారత పత్రికామండలి నియమించిన ఉపసంఘమున పరంజయ్ గుహ ఠాకుర్తాగారును, తెలుగు పాత్రికేయులైన కె. శ్రీనివాసరెడ్డిగారును సభ్యులు. 2010 నాటి వారి నివేదిక ఈ వ్యాధి వ్యక్తుల స్ఖలనములను దాటి సంస్థలలోనికి వ్యాపించినదని స్పష్టపఱచినది. విలేకరి భాషను విమర్శించుటకు ముందు ఈ ఆర్థికస్థితిని గమనింపనిచో విమర్శ అన్యాయమగును. జీతము లేనివాడు మాటను ఎంచుకొనుటలో స్వతంత్రుడు కాజాలడు.

వార్త కూర్పబడు విధానమును గూడ ఇచ్చట చెప్పవలెను. విలేకరి పంపునవి ముఖ్యముగా మూడు: దృశ్యములు, బాధితుడో అధికారియో పలికిన 'బైట్', విషయమును తెలుపు వ్రాత. ఒక్కొక్కప్పుడు సంఘటనాస్థలమున నిలిచి కెమెరాతో తాను పలుకు మాట కూడ చేరును. దూరవాణిలో ప్రత్యక్షముగ మాటాడుటను 'ఫోనో' అందురు. రాజధానిలోని డెస్కు ఈ సామగ్రిని తిరిగి వ్రాసి, మఱియొకరి గొంతుతో చదివించి, శీర్షిక నుంచి ప్రసారము చేయును. అడుగున పరుగెత్తు 'స్క్రోలింగ్' ఇంకొకరి వ్రాత. కావున ఒక నిమిషపు వార్తకు కర్తలు నలుగురైదుగురు. తొలికర్త మాట తుదికి మిగులవచ్చును, మిగులకపోవచ్చును.

4. మాతృక, ప్రతి, పాఠాంతరము

ఇట్టి బహుకర్తృకమైన రచనను పరిశీలించుటకు మన శాఖలలో చిరపరిచితమైన పాఠపరిష్కరణ పద్ధతి మిక్కిలి ఉపకరించునని మా అభిప్రాయము. తాళపత్రములకు మాతృక, ప్రతి, పాఠాంతరము అనునవి ఎట్లు కలవో, ఈ వార్తకును అట్లే కలవు. ఉదాహరణార్థము ఒక వార్తను, దాని మూడు పాఠములను మేమే కల్పించి క్రింద చూపుచున్నాము. ఈ వాక్యములు ఏ వాహినివియు కావు. రీతి మాత్రము ఎల్లరకు పరిచితమైనదే.

విలేకరి నోటిమాట: "వానల్లేక పంట పోయింది. మాధవరం నుంచి ఇరవై ఇండ్లోళ్లు గుంటూరు దిక్కు మిరపకాయల సుగ్గికి పోతుండారు. ముసలోళ్లు, బడికి పోయే పిల్లోళ్లు ఇండ్ల కాడనే ఉండారు."

డెస్కు పాఠము: "కర్నూలు జిల్లాలో కరువు విలయతాండవం చేస్తోంది. పొట్ట చేతపట్టుకుని పల్లెలకు పల్లెలే వలసబాట పడుతున్నాయి."

స్క్రోలింగు పాఠము: "కర్నూలు జిల్లాలో ఖాళీ అవుతున్న పల్లెలు."

మొదటి పాఠమునుండి రెండవదానికి వచ్చునప్పటికి లోపించినవేవి? గ్రామనామము, కుటుంబముల సంఖ్య, పోవు దిక్కు, చేయబోవు పని, ఇంట నిలిచిన వారెవ్వరన్న సంగతి. చేరినవేవి? ఒక పౌరాణికోపమానము, ఒక జాతీయము. వార్త కొఱవడి అలంకారము మిగిలినది. మూడవ పాఠమున అసత్యము కూడ ప్రవేశించినది. ఏలయన వృద్ధులును పిల్లలును ఊరిలోనే యున్నారు, పల్లె ఖాళీ కాలేదు.

'సుగ్గి' యను మాట నష్టము వీనియన్నిటికంటె పెద్దది. కన్నడమున సుగ్గి యనగా పంటకాలము, కోతల సంబరము. కర్నూలు పడమటి మండలములలో 'సుగ్గికి పోవుట' యనగా స్వగ్రామమున పని లేక, గుంటూరు మిరపతోటలకో తెలంగాణపు పత్తిచేలకో కూలికి పోయి, ఆ పంటకాలము ముగిసినపిదప తిరిగివచ్చుట. తన చేనిలో పంట లేనివాడు పరుల చేనిలోని పంటకై పోవు దుఃస్థితికి పంటపండుగ పేరే నిలిచినది. ఈ యొక్క మాటలో కఱవును కలదు, అభిమానమును కలదు, తిరిగివత్తుమను నమ్మికయును కలదు. 'వలస' యను మాటలో పోవుట మాత్రమే వినబడును. సుగ్గికి పోవువానికి కావలసినవి బిడ్డల చదువు నిలువకుండ వసతిగృహము, ఊరిలో ముసలివారికి ఆసరా, తిరిగివచ్చునప్పటికి చేనికి నీరు. వలసపోయిన వానికి వీనితో పని యేమున్నదని వినువాడు తలచును. మాట మాఱినచో అడుగవలసిన ప్రశ్నయు మాఱును. ఇది శబ్దరుచికి సంబంధించిన చర్చ మాత్రమే కాదని ఇందువలన తెలియనగును.

ఒక సీమకు పేరు పెట్టుటలో ఎంత శక్తి కలదో మన ప్రాంతమునకు అనుభవమే. 1800లో నిజాము ఆంగ్లేయులకు అప్పగించిన భాగము నూఱేండ్లకు పైగా 'దత్తమండలము' లనిపించుకొన్నది. 1928 నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావుగారు 'రాయలసీమ' యను పేరును ప్రతిపాదించిన పిదప, దానముగ ఇయ్యబడిన నేల తన చరిత్రతో తాను పిలువబడెను. అంత పెద్ద విషయమునకు వర్తించు న్యాయము సుగ్గి వంటి చిన్న మాటకును వర్తించును.

ఇక వృత్తికిని పాఠమునకును గల సంబంధము. విలేకరి మొదట తన మాటలోనే వ్రాయును. ఆ మాట ప్రసారమున నిలువదని, విలయతాండవము గల వార్తకు ఎక్కువ నిడివి దొరకునని ఆతడు క్రమముగ గ్రహించును. తరువాత డెస్కునకు శ్రమ యుండదు. విలేకరియే మాధవరమునుండి 'పల్లెలకు పల్లెలే' యని వ్రాసి పంపును. తాళపత్రములలో ప్రతి మాతృకను అనుకరించును. ఇచ్చట మాతృకయే ప్రతిని అనుకరించుచున్నది. పాఠపరిష్కర్త పోయి చేరుటకు శుద్ధపాఠమే మిగులకపోవుట ఇందలి విపత్తు. ఈ స్థితికి వచ్చినవానినే వృత్తిలో నేర్పరి యందురు. పైమెట్టు నెక్కువాడును ఆతడే.

5. బన్ని

రెండవ నిదర్శనము దేవరగట్టు ఉత్సవము. హొళగుంద మండలమున కొండమీద వెలసిన మాళ మల్లేశ్వరస్వామికి విజయదశమి రాత్రి జరుగు ఈ ఉత్సవము ప్రతి సంవత్సరమును అన్ని వాహినులలో కనబడును. దివిటీల వెలుగున, ఇనుపకట్లు గల కఱ్ఱలు చేబూని వేలాది జనులు ఉత్సవమూర్తులను చుట్టుముట్టుదురు; పలువురు గాయపడుదురు; పోలీసులు ముందుగనే హెచ్చరికలు చేయుదురు. గాయములును, ఒక్కొక్కప్పుడు మరణములును సత్యములు. వానిని చెప్పుట విలేకరి ధర్మము. వానిని కప్పిపుచ్చవలెనని మేము చెప్పుటలేదు.

ఈ ఉత్సవమునకు జనులు పెట్టిన పేరు 'బన్ని'. కన్నడమున బన్ని యనగా జమ్మిచెట్టు. దసరాకు జమ్మిపూజ ఎల్లరెఱిగినదే. మణిమల్లాసురులను భైరవుడు సంహరించెనను స్థలపురాణము దీనికి ఆధారము. టెలివిజను పెట్టిన పేరు 'కఱ్ఱల సమరము'. మొదటి పేరున చెట్టు, పండుగ, ఎల్లదాటిన కన్నడసంస్కృతి కలవు. రెండవ పేరున కెమెరాకు కనబడిన దానికంటె ఏమియును లేదు. ఈ రెండవ పేరే నేడు ఆ చుట్టుపట్ల గ్రామములవారి నోటను వినబడుచున్నది. ఆస్పరి మండలము కైరుప్పలలో ఉగాది మఱునాటి వేడుకను 'పిడకల సమరము' అనుటయును ఈ అచ్చున పోతపోసినదే. రెండు పల్లెల రెండు వేడుకలు ఒకే నామవాచకమున కలిసిపోయినవి.

ఇంకను గమనింపదగినది కలదు. రాత్రి సంబరము ముగిసిన పిదప అర్చకుడు 'కార్ణీకము' చెప్పును. రాబోవు కాలమున వాన లెట్లుండునో, పంటల ధరలెట్లుండునో తెలుపు దైవవాక్కది. పత్తి, జొన్న పండించు రైతులకు ఆ వాక్యమే ఉత్సవఫలము. టెలివిజను వార్తలో పెద్దపాలు కఱ్ఱల దెబ్బలకు పోవగా, కార్ణీకమునకు దక్కునది కొలది క్షణములు. ఈ నేలవాడైన విలేకరికి కార్ణీకపు విలువ తెలియకపోదు. తెలిసియు దానిని ముందుంచజాలకపోవుటయే ఆతని వృత్తిలోని సంకటము.

ఎమ్మిగనూరు చేనేత విషయమున నిర్వాహ మింతకంటె దుర్బలము. 1938లో మాచాని సోమప్పగారు అచ్చట నేతగాండ్ర సహకారసంఘమును స్థాపించిరి. నేతగాని నిత్యవ్యవహారమున పడుగు, పేక, అచ్చు, నాడె, కండె మున్నగు మాటలు కలవు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున వెలువడిన మాండలికవృత్తిపదకోశము వ్యవసాయపదములను 1962లోను, చేనేతపదములను 1971లోను గ్రంథస్థము చేసినది. టెలివిజను వార్తలో నేతగానికి మగ్గము తప్ప వేఱొక పరికరము లేదు; 'చితికిన బతుకులు' తప్ప వేఱొక విశేషణము లేదు. నూలు ధర పెరిగినదా, రంగు దొరకలేదా, సంఘము గుడ్డ కొనలేదా యన్న భేదము ఆ విశేషణమున మునిగిపోవుచున్నది.

6. వరదనాటి వార్త

దీనికి విరుద్ధమైన నిదర్శనము కూడ కలదు. 2009 అక్టోబరు తొలిదినములలో తుంగభద్ర పొంగి మంత్రాలయము నీట మునిగెను; కర్నూలు నగరమునకును అదే గతి పట్టెను. శ్రీశైల జలాశయమునకు దాదాపు 25 లక్షల ఘనపుటడుగుల నీరు క్షణమునకు వచ్చి చేరెను. అంతకు ఒక నెల ముందు, సెప్టెంబరు 2న, ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డిగారు హెలికాప్టరు ప్రమాదమున మరణించుటచే ఈ జిల్లామీద వార్తావాహినుల దృష్టి నిలిచియుండెను.

వరదవంటి వేళ డెస్కునకు తిరిగి వ్రాయు వ్యవధి యుండదు. విద్యుత్తు లేదు, మార్గములు తెగిపోయినవి, దృశ్యము పంపుటయే కష్టము. అప్పుడు మిగులునది ఫోనో. విలేకరి తన గొంతుతో తన మాటలనే పలుకవలయును. నీరు ఏ వీథివఱకు వచ్చినది, ఏ మిద్దెమీద జనులు నిలిచిరి, ఏ మార్గమున పడవ పోగలదు - ఇవి స్థానికునికి మాత్రమే తెలియును. ఆ గడియలలో 'విలయతాండవము' ఎవ్వరికిని అక్కఱలేదు, వీథిపేరే కావలయును. ప్రాణములు వార్తమీద ఆధారపడినప్పుడు అలంకారము తనంతట తానే జాఱిపోవునని దీనివలన తెలియుచున్నది. స్థానిక విలేకరికి పలుకు లేకపోలేదు. పలుకుటకు వీలు అరుదుగ దొరకుచున్నది.

అయినను లోపమొకటి ఇచ్చటను కలదు. వరద తీసినంతనే వార్తయు తీసినది. ఇండ్లు తిరిగి కట్టుకొనుట, ఇసుక మేట వేసిన పొలమును బాగుచేసికొనుట, పరిహారమునకై తిరుగుట - ఇవి సంవత్సరముల పని. పత్రికకు జిల్లాపుటలో ఇట్టి విషయమునకు ఒక మూల యుండెడిది. టెలివిజను వార్తకు ధారావాహికలక్షణము లేదు. అది ప్రతిదినము క్రొత్తగ పుట్టి క్రొత్తగ చచ్చునది. విలేకరి మాత్రము ఆ యూరిలోనే యుండి, బాధితులను ప్రతిదినము చూచుచున్నను, చెప్పుటకు చోటు లేక మౌనము వహింపవలసివచ్చుచున్నది.

7. ఆక్షేప సమాధానములు

సుగ్గి యన్నచో శ్రీకాకుళమువానికి అర్థము కాదు, అందఱికిని తెలియు భాష కావలయును గదా యని ఆక్షేపింపవచ్చును. ఇందు కొంత న్యాయము లేకపోలేదు. కాని మాట వాక్యములో వివరణతో కూడి వచ్చినచో తెలియకపోదు. 'పంటకోతల కూలికై పోవు సుగ్గి' యని రెండుమాఱులు చెప్పిన చాలును, మూడవమాఱు వివరణ యక్కఱ లేదు. తెలంగాణపు పలుకుతో నడచిన వీ6 వాహినివారి 'తీన్మార్' వార్తలను అన్ని ప్రాంతములవారును వినిరి; ప్రత్యేకముగ నిఘంటువు తెఱచినవారు లేరు. ప్రాంతీయభాష వార్తకు తగదను వాదము ఆ ప్రయోగముతో చెల్లిపోయినది.

ఆ ప్రయోగమునుండి గ్రహింపవలసిన హెచ్చరిక కూడ ఒకటి కలదు. ఆ వార్తలలో పలుకు తఱచు హాస్యముతో కూడి వచ్చినది. సీమ పలుకునకు చలనచిత్రములలో దొరకిన చోటు వేఱు: 1999లో 'సమరసింహారెడ్డి' జయప్రదమైన పిదప ముఠాకక్షల కథలు వరుసగ వెలువడగా, 'ఏమప్పా' యను పలకరింపు కూడ బెదరింపుగ వినబడసాగెను. నవ్వించుటకో భయపెట్టుటకో మాత్రమే పనికివచ్చు పలుకు గౌరవము పొందిన పలుకు కాదు. ధరవరలు, నీటిపంపకము, పాఠశాలలు మున్నగు సామాన్యవిషయములను సామాన్యముగ చెప్పుటకు పనికివచ్చినప్పుడే ఆ పలుకు వార్తాభాష యనిపించుకొనును.

ఇక విలేకరులలో పెక్కండ్రకు భాషాశిక్షణ లేదు, వారి మాటను ప్రమాణముగ గైకొనుట యెట్లని మఱియొక ఆక్షేపము. శిక్షణ కావలసినదే. బూదరాజు రాధాకృష్ణగారు పాత్రికేయ విద్యార్థులకు భాష నేర్పుటకై చేసిన కృషిని ఎవ్వరును మఱువరాదు. అయితే శిక్షణ యనగా ఊరి మాటను తుడిచివేయుట కాదు. ఏ మాటకు ఏ యర్థమో తెలిసి వాడుట. సుగ్గికిని వలసకును భేద మెఱిగినవాడే శిక్షితుడు. ఆ భేదము మాధవరపు విలేకరికి పుట్టుకతో తెలియును, డెస్కువారికి నేర్పవలసియున్నది.

8. ఉపసంహారము

పై చర్చనుబట్టి స్థానిక టెలివిజను వార్తకు నాలుగు లక్షణములను మేము ప్రతిపాదించుచున్నాము. మొదటిది స్థలనిర్దేశము: వార్త జిల్లాది కాక ఊరిది కావలయును. రెండవది స్వపదము: ఊరివారు ఏ మాటతో ఆ విషయమును వ్యవహరింతురో ఆ మాట ఒక్కమాఱైన వార్తలో నుండవలయును. మూడవది పూర్ణవాక్యము: బాధితుని బైటులో ఏడ్పును మాత్రము నిలిపి మాటను కోయరాదు. నాలుగవది పునర్దర్శనము: ఒకమాఱు చూపిన ఊరిని కొంతకాలమునకు మఱల చూపవలయును. ఈ నాలుగింటిని కొలబద్దగ గైకొన్నచో ఏ వాహిని వార్తనైనను విమర్శింపవచ్చును. విలేకరికి స్థిరవేతనము లేనిదే ఈ లక్షణములు నిలువవనియు వెంటనే చెప్పవలసియున్నది. ఇది సంస్థలు తీర్పవలసిన ఋణము.

మన శాఖలు చేయవలసిన పని వేఱు. విలేకరి పంపిన మూలసామగ్రి ప్రసారమైన పిదప ఎవ్వరికిని పట్టదు. నాలుగు నిమిషములు మాటాడిన రైతు పలుకులో పదిక్షణములు తెఱకెక్కును, తక్కినది చెఱిపివేయబడును. చెఱిపివేయబడిన ఆ భాగమే మనకు కావలసిన భాషాసామగ్రి. మాండలికవృత్తిపదకోశమునకై క్షేత్రపర్యటన చేసిన పెద్దలు ఊరూర తిరిగి పదములను వ్రాసికొనిరి. నేడు ప్రతి మండలమునను పలుకును ముద్రించు యంత్రము చేతబట్టినవాడొకడు మనకంటె ముందే తిరుగుచున్నాడు. ఆతనిని వార్తాసంస్థకు పనివానిగ మాత్రమే కాక, భాషాసేకరణలో సహకర్తగ మనము గుర్తింపవలయును.

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములనుండి పరిశోధనకు వచ్చు విద్యార్థు లిరువురు ముగ్గురు పూనుకొన్నచో, దసరా బన్నినుండి మఱుసటి దసరా వఱకు ఒక సంవత్సరకాలమున ఆ మండలములనుండి వెడలిన వార్తలను, వాని మాతృకలను, విలేకరుల అనుమతితో సేకరింపవచ్చును. ప్రతి వార్తకును పాఠాంతరములను ప్రక్కప్రక్క నుంచి, ఏ మాట ఏ మెట్టుమీద లోపించినదో గుర్తింపవలెను. అట్టి పట్టిక యొకటి సిద్ధమైనచో, సీమ పలుకు ఎచ్చట నిలిచిపోవుచున్నదో ఊహతో పనిలేక తెలియును. ఈ వ్యాసమున మేము చేసినది దిక్కును చూపుట మాత్రమే. ఆ పట్టికను కూర్చుటకు పరిశోధకులు ముందునకు వత్తురని ఆశించుచున్నాము.